రెండు బొమ్మల్లోనూ ఉన్న మనిషి

1 ఫిబ్రవరి 1969, శనివారం

ఈ డైరీకి ముందుగా నా క్షమాపణలు. సాష్టాంగ నమస్కారంతో కూడినవి. ఎరువుల కంపెనీ వారు విత్తనాల తారీఖులు రాసుకోమని పంచిన ఈ పవిత్ర గ్రంథంలో, విజయనగరం వెళ్లి బి.ఏ. థర్డ్ క్లాసులో గట్టెక్కిన చినబాబు అనే అప్రయోజకుడు తన వెకిలి రాతలు రాయబోతున్నాడు. అందువల్ల ఆంధ్ర సాహిత్యానికీ వరి పంటకీ కలగబోయే నష్టానికి పూర్తి బాధ్యత నాదే. చెయ్యని తప్పులకి క్షమాపణ చెప్పడంలో నాకు మంచి ప్రాక్టీసు ఉంది.

ఉద్యోగం దొరికింది. పాతపట్నం బస్టాండు వెనక డేరా సినిమాలో. యజమాని నరసింగరావు నాకు చుట్టం కాదు గాని ఊరందరికీ మావ. తెలుగు బొమ్మల పెట్టెలు పెద్ద హాళ్లవాళ్లు వదిలితేగాని మా ఊరికి రావు. అందుకని విజయనగరంలో మార్నింగ్ షోలు ఆడి అరిగిపోయిన రెండు ఇంగ్లీషు గూఢచారి బొమ్మల్ని సీజనంతటికీ తెచ్చుకున్నాడు. గురువారం సంతరోజున అవే ఆడతాయి.

మొన్న మొదటి ఆట. పావుగంటకే జనం ఏటి సెప్తన్నాడ్రా ఆ దొర అని గోల. మావ మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, నీకు ఇంగిలీసు వచ్చుగదరా, సెప్పు అన్నాడు. రెండో చేతిలో టార్చిలైటు పెట్టాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి చోటు చూపించాలట. బి.ఏ.కి తగిన హోదా.

ఆ అమెరికా ఇంగ్లీషులో పావు వంతు నాకు అర్థమైంది. మిగతా ముప్పావు నేను రచించాను.

3 ఫిబ్రవరి, సోమవారం

మావకి ఒక అనుమానం. బొమ్మ నడిమిట్లో అయిపోయి మళ్లీ మొదలెట్టినట్టుంటాది, ఏటది అని. కాలేజీ లైబ్రరీలో మ్యాగజైన్ చదివి సంపాదించిన జ్ఞానమంతా అతని ముందు పరిచాను. అమెరికాలో ఇంటింటికీ టెలివిజన్ అనే పెట్టె ఉంటుందనీ, రేడియోకి మొహం మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందనీ, అందులో వారానికో కథ వస్తుందనీ, రెండు వారాల కథలు కలిపి కుట్టేసి సినిమా అని పేరు పెట్టి మన మీదికి వదిలారనీ చెప్పాను.

మావ చాలాసేపు బీడీ కాల్చి, అయితే ఆల్లు ఇంట్లో తినేసి మిగిలింది మనకెట్టినారన్నమాట అన్నాడు.

సినిమా మీద ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు.

7 ఫిబ్రవరి, శుక్రవారం

ఘనవిజయం. రహస్యం నామకరణం. తెల్లవాళ్ల పేర్లు ఎవరికీ నోరు తిరగవు. కనక నిన్న అందరికీ నేనే పేర్లు పెట్టేశాను. పొడుగు ఏజెంటు రాముడు. పొట్టి ఏజెంటు గంగులు. వాళ్ల రహస్య ఆఫీసు ఐసుక్రీము కొట్టు వెనకాల ఉంటుంది. అక్కడ కళ్లజోడు పెట్టుకున్న ముసలి పెద్దాయన నరసింగరావు. మావ గేటు దగ్గర నిలబడి తెగ మురిసిపోయాడు. జలాంతర్గామిలో కూర్చుని ప్రపంచాన్ని పేల్చేస్తానన్న బట్టతల విలన్‌కి మా కరణం పేరు పెట్టాను. డేరా లేచిపోయింది.

సంతకి చింతపండు తెచ్చిన కొండవాళ్లు కూడా చాలామంది కూర్చున్నారు. తెర కన్నా నన్నే ఎక్కువ చూశారు. ఆట అయ్యాక ఒకడు వచ్చి రాముడికి పెళ్లయిందా అని అడిగాడు. మాటలు నడుస్తున్నాయన్నాను.

10 ఫిబ్రవరి, సోమవారం

చెడ్డ రోజు.

సోములు టీకొట్టులో నేను సింహాసనం మీద ఉన్నాను. అంటే బల్ల మీద. సూరయ్య వచ్చాడు. పొందూరు మనిషి, పదేళ్లనించీ ఇక్కడే కాపురం. సైకిలు వెనక బట్టల మూట కట్టుకుని కొండ ఊళ్లన్నీ తిరుగుతాడు. సన్నగా ఉంటాడు, భుజం ఒకవైపు ఒరిగి. గురువారాలు డేరాలో రెండో వరసలో ఈ చివర, రాటకి ఆనుకుని కూర్చుంటాడు. బొమ్మ ఎలగుంది సూరయ్యా అని సోములు అడిగాడు.

బాగున్నాది గాని చినబాబు సెప్పిందానికీ తెర మీద జరిగిందానికీ సంబంధం నేదు అన్నాడు సూరయ్య. నెమ్మదిగా, తప్పుపట్టినట్టు కూడా కాదు. బీరువాలోంచి పొడుగోడు తీసింది నేనన్నట్టు బాంబు కాదట. ఉత్తరమట. ఆడు దాన్ని సదూకుని మడతెట్టి జేబులో ఎట్టుకున్నాడు, కన్ను తుడుసుకున్నాడు కూడాను, బాంబునెవుడైనా జేబులో ఎట్టుకుంటాడేటి అన్నాడు.

టీకొట్టంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. సూరయ్యకి ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా సంతకం వరకే. కాని అది ఉత్తరమే. తర్వాత డేరాకి వెళ్లి రీలు ఆడించి చూశాను.

14 ఫిబ్రవరి, శుక్రవారం

నిన్న రెండో పెట్టె ఆడింది. రాముడూ గంగులూ వాళ్లే, కథ వేరు. ఒక విషయం నాకే కాదు, డేరా అంతటికీ కనపడింది. మొదటి బొమ్మలో ఐసుక్రీము కొట్టు ఆఫీసులోకి ఒక బక్కమనిషి భుజాన మూటతో వచ్చి వెళతాడు. రెండో బొమ్మలో విలన్ ఇంట్లోకీ అదే మనిషి, అదే మూటతో వస్తాడు. వీడు అక్కడ కూడా ఉన్నాడ్రోయ్ అని అరిచారు. ఎవడ్రా ఆడు అని నన్నడిగారు.

అడిగాక చెప్పకపోతే ఉద్యోగ ధర్మం కాదు. ఇతనే రెండు పక్కలా కబుర్లు మోసే వేగులవాడు అన్నాను. పేరు సూరయ్య అన్నాను.

అంత నవ్వు ఈ డేరాలో ఇంతవరకూ రాలేదు.

21 ఫిబ్రవరి, శుక్రవారం

నిన్న మూటవాడు తెర మీదికి రాకముందే జనం సూరయ్యా సూరయ్యా అని కేకలు. రచయితకి ఇంతకన్నా ఏం కావాలి. సూరయ్య కూడా పోయిన వారం నవ్వాడు. ఈసారి నవ్వలేదు. మధ్యలో లేచి వెళ్లిపోయాడు.

28 ఫిబ్రవరి, శుక్రవారం

సోములు ఇవాళ టీ ఇస్తూ గొంతు తగ్గించాడు. కొండ ఊళ్లలో సూరయ్య దగ్గర బట్ట తీసుకోవడం మానేశారట. మూట విప్పగానే ఆడాళ్లు ఇళ్లలోకి వెళిపోతన్నారట. కొండల్లో భూస్వాముల మీద ఈ తిరుగుబాటు గొడవలు మొదలైనప్పటినించీ పోలీసులకి ఎవడు కబురు మోస్తున్నాడా అని అక్కడ ప్రతివాడూ ప్రతివాడి మొహం చూస్తున్నాడు. ఇప్పుడా మాట సరదా కాదురా అన్నాడు సోములు.

సినిమాని పట్టుకుని ఎవడైనా నమ్ముతాడా అన్నాను. పైగా పాతపట్నంలో సూరయ్యలు ఆరుగురున్నారు. కొండవాళ్లకి ఇతని పేరే తెలీదు, బట్టలన్న అంటారు. నేను చెప్పిన సూరయ్య ఎవరో వాళ్లకెలా తెలుస్తుంది?

సోములు గ్లాసులు కడగడానికి వెళ్లిపోయాడు.

8 మార్చి, శనివారం

సూరయ్య మా ఇంటికి వచ్చాడు. వీధి అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. మూట లేకపోయినా భుజం అలాగే ఒరిగి ఉంది.

తిట్టడానికి వచ్చాడేమో అని రెండు జోకులు రెడీ చేసుకున్నాను. తిట్టలేదు. బాబూ, ఒక్క మాట మైకులో సెప్పాల అన్నాడు. బొమ్మలో ఆ మూటోడు ఏటీ సెయ్యలేదు, అదొక్కటీ సెప్పు సాలు అన్నాడు. నానూ రెండు సార్లు సూసినాను, ఆడు లోపలికొచ్చి మూట దింపి మంచినీల్లు తాగి ఎలిపోతాడు, ఎవులితోనీ మాటాడడు అన్నాడు.

రెండు చోట్లా ఉన్నాడు కదా మరి అన్నాను. నేనేం అంటున్నానో నాకు తెలుసు. రెండు చోట్లా ఎందుకున్నాడో కూడా తెలుసు. టెలివిజన్ కంపెనీ వాళ్లు పొదుపు చేసి, ఒకసారి తీసిన ముక్కనే రెండు కథల్లోనూ అతికించారు. విలన్ ఇల్లూ ఐసుక్రీము ఆఫీసూ ఒకటే గది. కుండీలో మొక్కతో సహా.

సూరయ్య దానికి నాకన్నా బాగా జవాబు చెప్పాడు. రెండు కాడా ఉన్నాడంటే ఆడికి రెండు కాడా పనున్నాదన్నమాటే గదు బాబూ. పనున్నోడు రెండు కాడికీ ఎల్తాడు అన్నాడు.

గురువారం చెప్తానని మాటిచ్చాను. చేతులు జోడించాడు. నా కన్నా పాతికేళ్లు పెద్ద.

14 మార్చి, శుక్రవారం

చెప్పలేదు.

వివరం: మూటవాడు వచ్చే ముక్క దగ్గరపడింది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. ఈసారి జనమంతా తెర వదిలి నాకేసి తిరిగారు. పెద్ద జోకు కోసం కాచుక్కూచున్నారు. నాలుగొందల మొహాలు. వాళ్ల ముందు, ఇతనేమీ చెయ్యలేదు, నేను అబద్ధం చెప్పాను అనాలి. నోరు తెరిచాను. వచ్చాడండీ మన వేగులవాడు అని వచ్చింది.

సూరయ్య రాట దగ్గరే ఉన్నాడు. వినడానికే వచ్చాడు.

25 మార్చి, మంగళవారం

స్పెషల్ పోలీసుల క్యాంపుకి సూరయ్యని పిలిపించారు. అతను కబుర్లు మోస్తాడని వాళ్ల చెవిన కూడా పడిందట. మోసేవాడివైతే మాకూ మొయ్యి అన్నారట. నాకేటీ తెలవదు బాబూ అన్నాడట. రెండు రోజులుంచి వదిలేశారు. సంతకి వచ్చే దారిలోనే క్యాంపు. గేటులోంచి బయటికి రావడం అందరూ చూశారు. దెబ్బల్లేకుండా వచ్చాడని మరీ చూశారు.

26 మార్చి

మావకి చెప్పాను, గురువారం వేరే బొమ్మ వేద్దామని. ఏరే బొమ్మెక్కడున్నాదిరా అన్నాడు.

11 ఏప్రిల్, శుక్రవారం

సూరయ్య నిన్న పొద్దున్నే కొండకి వెళ్లాడు. ఒక ఊళ్లో పెళ్లికి పొందూరు సన్నబట్ట తెస్తానని మాఘమాసంలోనే మాటిచ్చాడట. భార్య గురమ్మ వద్దని సైకిలు పట్టుకుందట. పెళ్లిబట్ట ఎగ్గొడితే అప్పుడు నిజంగానే దొంగనైపోతానే అన్నాడట.

సాయంత్రానికి రావాలి. రాలేదు.

13 ఏప్రిల్

రాలేదు.

14 ఏప్రిల్, సోమవారం

టార్చిలైటు మావకి తిరిగి ఇచ్చేశాను. ఏమైందిరా అన్నాడు. బ్యాటరీలు అయిపోయాయన్నాను. నొక్కి చూశాడు. వెలిగింది.

18 ఏప్రిల్, శుక్రవారం

నిన్న సంత. తెల్లారి గురమ్మ తలుపు తీసేసరికి గుమ్మంలో మూట ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరూ చూడలేదు. చూసినా చెప్పరు. విప్పితే పెళ్లిబట్ట మడత చెదరకుండా ఉంది. మిగతా బట్టలు కూడా. ఒక్కటి తగ్గలేదు. సైకిలు లేదు. మనిషి లేడు.

బట్ట తీసుకోలేదన్నమాట, మనిషిని అట్టేపెట్టుకున్నారు అన్నాడు సోములు. తర్వాత తల గోడకేసి తిప్పుకున్నాడు.

క్యాంపులో అడిగితే మాకేమీ సమాచారం లేదన్నారు. నిజంగానే లేదు. మోసేవాడు ఉంటే కదా.

25 ఏప్రిల్, శుక్రవారం

నిన్న గురమ్మ డేరాకి వచ్చింది. సినిమా అంటే ఆవిడకి తెలీదు. ఈ పదేళ్లలో ఎప్పుడూ రాలేదు. మావ టికెట్టు వద్దన్నా గేటు దగ్గర నిలబడిపోయింది. నా దగ్గరికి వచ్చి, బాబూ, మా ఆడు ఇందులో ఉన్నాడంట గదా, ఎక్కడొస్తాడో సెప్పు, సూసుకుంటాను అంది.

రాట దగ్గర కూర్చోబెట్టాను. ఆ చోటు ఖాళీగానే ఉంటోంది. పక్కవాళ్లు కొంచెం జరిగారు. చోటిచ్చారో, దూరమయ్యారో.

పొడుగువాడు బీరువా తెరిచాడు. ఉత్తరం అన్నాను మైకులో. ఎవరూ నవ్వలేదు. పక్కవాడు నా మొహంలోకి చూశాడు.

మూటవాడు వచ్చాడు. మైకు గుయ్యిమంటోంది. ఇతనే అన్నాను. మైకు కిందికి దించాను. తలుపు తీసుకుని వచ్చి, మూట నేల మీద దింపి, కూజాలోంచి గ్లాసుడు నీళ్లు వంచుకుని తాగాడు. మూతి తుడుచుకున్నాడు. మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఇన్ని వారాలు ఆడించి, ఇంత చిన్న ముక్క అని నేను మొదటిసారి గమనించాను. గురమ్మ ముందుకి వంగి తెరనే చూస్తోంది. మళ్లీ వస్తాడేమో అనుకుంది కాబోలు.

ఎంతసేపటికీ రాలేదు. తిరిగి నాకేసి చూసి, ఇంతేనా బాబూ, మంచినీల్లు తాగి ఎలిపోనాడు అంది.

డేరాలో అందరికీ వినపడింది.

ఇంతే అన్నాను. మైకు నా చేతిలోనే ఉంది. స్విచ్ తీసేసి అన్నాను.

1 మే, గురువారం

పెట్టెలు విజయనగరం బస్సెక్కాయి.

నేను అతన్ని కొండకి పంపలేదు. క్యాంపుకి పంపలేదు. చెయ్యి వెయ్యలేదు. పేరు పెట్టాను, సూరయ్యలు ఆరుగురున్నారు.

ఫిబ్రవరి పదమూడున పేరు చెప్పి, టార్చి వెలిగించి, రాట దగ్గర ఉన్న అతని మొహం మీద వేశాను. కొండవాళ్లంతా అటు తిరిగారు. అతను నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

చెయ్యి దించేదాకా ఆర్పలేదు.