కొండనీటిలో ఎరుపెక్కని పువ్వు

చిరంజీవి తమ్ముడు సింహాచలానికి,

నీ పెద్దప్ప నరసమ్మ కొండ మీద నుంచి దీవించి రాస్తున్నది. అమ్మవారి దయవల్ల ఇక్కడ నేను, మన నడిపోడు సూరన్న, వాడి భార్య గౌరమ్మ ప్రాణాలతో ఉన్నాం. నీ ఇంట్లో అందరి ఒళ్లూ ఎలా ఉన్నాయి? గోనె మిల్లు దుమ్ముకి పట్టిన దగ్గు నీకు తగ్గిందా? మా గురించి దిగులు పడకు.

కిందటి సోమవారం పొద్దుటి సంగతి రాస్తాను. ఇక్కడ అన్ని పొద్దులూ అలాంటివే. మంచు విడలేదు. ఎదుటి ఇల్లు కనబడదు, అందులో కోడి కూత మాత్రం వినబడుతుంది. నేను మొహం కడుక్కుని దీపం పెట్టి దండం పెట్టుకున్నాను. గౌరమ్మ చోడిపిండి అంబలి కాచింది. సూరన్నకి మన్నెం జ్వరం వస్తూ పోతూ ఉంది. కంబళి కప్పుకునే వచ్చి రంగు కాగు కింద కట్టెలు ఎగదోశాడు. కట్టెలకి ఇక్కడ కొదవ లేదు. గుడ్డ నానబెట్టే కరక్కాయలు చెట్ల కింద రాలి ఉంటాయి, ఏరుకోవడమే. అది చూసే కదా వాడు కొండెక్కాడు. మిల్లు గుడ్డ ఇంత దూరం రాలేదు, ఇక్కడైతే మన అద్దకం బతుకుతుంది అన్నాడు.

ఏటా మన ఇంటి నుంచి వెళ్లే అమ్మవారి జాతర చీర ఆ పొద్దే కాగులో వేశాం. నాన్న చెక్కిన ఎనిమిది రేకుల అచ్చుతోనే అద్దాం. నీకు తెలిసిందే, పటికతో అద్దిన పువ్వు కంటికి కనబడదు. చెయ్యి వేసి తడిమితే కాస్త గరుకు తగులుతుంది, అంతే. చిరివేరుతో ఉడికితేనే ఎర్రగా పైకి వస్తుంది. అందాకా దేవుణ్ణి తలుచుకుంటూ కలపడమే మన పని. పొద్దెక్కాక కొండ మీంచి పారే గెడ్డకి తీసుకుపోయి జాడించాం. నీళ్లు అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. చీర రాతి మీద పరిచాం. పువ్వు పాత పెంకు రంగులో ఉంది.

గౌరమ్మ చాలాసేపు చూసి, "వదినా, ఈ పువ్వు వాడిపోయే పుట్టినాది," అంది.

ఇది మొదటిసారి కాదు. వచ్చినప్పటి నుంచీ ఇంతే. మొదట వేరు పాతదన్నాం, తరువాత పటిక మంచిది కాదన్నాం, మంట చాలలేదన్నాం. చివరికి అర్థమైంది, లోపం నీళ్లదని. మన ఎరుపు మన దొడ్లో ఉప్పునూతిలో ఉండేది. ఆ నీళ్లలో పప్పు ఉడకదని అమ్మ రోజూ సణిగేది. ఇక్కడ గెడ్డ నీళ్లలో పప్పు ఇట్టే మెత్తబడుతుంది. పువ్వే ఎర్రబడదు. సున్నం కలిపి కూడా చూశాం. ఎరుపు మచ్చలు మచ్చలుగా వచ్చింది, ఆరేసరికి గుడ్డ చేతిలో చిరిగిపోయింది.

ఆ పొద్దు మా పక్కింటి కొండమనిషి బుద్రి కూడా గెడ్డ దగ్గరే ఉంది. మంచి మనిషి, నోరు పెద్దది.

"మా గెడ్డ నీరు మీకు పనికిరానేదా? దేముడి నీరమ్మా అది!" అంది.

"తాగడానికి అమృతమేనే. రంగుకే పడనేదు," అంది గౌరమ్మ.

"కొండ నిండా పువ్వులుంటే గుడ్డ మీద పువ్వు కోసం ఈ ఏడుపేటి? ఇదిగో, నాది తీసుకో," అని తన కొప్పులోని అడవిపువ్వు తీసి గౌరమ్మ తలలో గుచ్చింది. గౌరమ్మ నవ్వింది. ఈమధ్య అది నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

మాకు ఒక ఆశ ఉండేది. అదే అచ్చుతో వేరే చీర అద్ది, ఉడికించకుండా పట్టుకుని నేను కిందికి దిగుతాను. మన నూతి నీళ్లతో ఉడికించి జాతరకి అందిస్తాను. ఇల్లు అమ్మేసినా రెండు కుండల నీళ్లకి ఎవరు కాదంటారు అనుకున్నాం. అడవిదారి కదా, తోడు కోసం నేనూ సూరన్నా హుకుంపేట సంతకి వెళ్లాం. మన వైపు నుంచి ఎద్దుల మీద ఉప్పు తెచ్చే వర్తకుడు కనబడ్డాడు.

"నన్ను నీ కూడా కిందికి తీసుకుపో నాయినా. మా ఉప్పునూతి కాడ పనుంది," అన్నాను.

"ఏ నుయ్యి? మీరమ్మీసిన దొడ్లోదా? ఇంకెక్కడి నుయ్యమ్మా! మేక పడిపోనాదని పూడ్సీసినారు. దానిమీద పశువుల సాల ఏసీసినారు. తాగడానికి పనికిరాని నుయ్యి, ఉంటే ఏటి, పోతే ఏటి?" అని నవ్వాడు.

పాపం, వాడికేం తెలుసు. సూరన్న అక్కడే ఉప్పుబస్తా మీద కూలబడిపోయాడు.

తమ్ముడా, నీకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. రాయలేదని నేనేమీ అనుకోను. మా మనసు నొచ్చుకుంటుందని ఊరుకుని ఉంటావు. నాకైనా ఆ మాట రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. మిగతా నూతుల నీళ్లన్నీ నాన్న తన కాలంలోనే చూసి వదిలేశాడు, అది నువ్వూ ఎరుగుదువు.

నా ఒంట్లో బాగానే ఉంది. చలికి మోకాళ్లు పట్టేస్తాయి, అంతకు మించి ఏమీ లేదు, బాగానే ఉన్నాను. వీలైతే ఆ వర్తకుడి చేతికి కాసిని ఎండు నెత్తళ్ల చేపలు ఇచ్చి పంపు. అంబలి తాగి తాగి గౌరమ్మకి నోరు చచ్చిపోయింది. పెదనాన్నకి, పెద్దమ్మకి నా బదులు కాళ్లు తాకి దండం పెట్టు. సూరన్న జ్వరం దిగాలని వాళ్లని దీవించమను. నీ ఆడగుంటలిద్దరికీ నా ముద్దులు.

సంత నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ముగ్గురం గుమ్మంలో కూర్చున్నాం.

"అప్పా, ఆ పెంకు రంగు సీర అమ్మోరికి కట్టగలమేటి?" అన్నాడు సూరన్న.

గౌరమ్మ ఊరుకోలేదు. "రంగెలాగున్నా మన సేతిది. అమ్మోరికి ఆ మాత్రం తెల్దా?"

"తెలుసు. అందుకే కట్టనేం," అన్నాడు వాడు.

ఇద్దరూ నా మొహం చూశారు. నేను కళ్లు మూసుకుని అమ్మవారిని తలుచుకున్నాను. వేరే దారి ఏదీ కనబడలేదు. సూరన్న మాటకే సరే అన్నాను.

ఆ సాయంత్రం అనుకున్నది ఇది. సూరన్న జ్వరం కాస్త దిగగానే ఘాటు రోడ్డు రాళ్లపనికి వెళతాడు. ఇక అద్దకం పెట్టడు. జాతరకి మా చీర రాదు. నువ్వు బజారులో ఎర్రపువ్వుల మిల్లు చీర ఒకటి కొని, పసుపునీళ్లు చల్లి, పూజారి చేతికియ్యి. ఎవరు అద్దారని అడిగితే కొన్నదని చెప్పు, అమ్మవారి ముందు అబద్ధం వద్దు. మన ఇంటి చీర ఇక రాదని కూడా ఆయనకి చెప్పెయ్యి. వచ్చే ఏడు ఎదురు చూడనివ్వకు.

మీ అందరి మేలు కోరే
నీ పెద్దప్ప నరసమ్మ