పాలు పడని రోజులు

ఆగస్టు 11, సోమవారం. ఉదయం 10

పాప ఎన్ని గంటలకు తాగిందో, ఎంత తాగిందో రాయమని ఆశాజ్యోతి సిస్టర్ ఇచ్చిన నోట్‌బుక్ ఇది. ముందు పేజీల్లో స్కేలుతో గడులు కూడా గీసి ఇచ్చింది. ఆ గడుల్లో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకే వెనక నుంచి ఇది మొదలుపెట్టాను.

పాప పుట్టి ఆరు రోజులు. నెల ముందే పుట్టింది. కిలో తొమ్మిది వందలు. కామెర్లు ఎక్కువయ్యాయని మండపేట నుంచి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకొచ్చాం. నీలం లైటు కింద కళ్లకు గంతలు కట్టి, చేతికి సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. మూడు గంటలకోసారి నా చేతికిస్తారు. రెండుసార్లు చప్పరించి నిద్రపోతుంది. లేదంటే మొహం తిప్పుకుని ఏడుస్తుంది. నా చనుమొనలు లోపలికి ఉన్నాయట. ఇరవై ఏడేళ్లుగా నాకా సంగతి తెలియదు.

సాయంత్రం 4

పంప్ పెట్టుకుని అరగంట కూర్చున్నాను. నాలుగు ఎంఎల్. అందులో ఎర్రటి చార.

ఆగస్టు 12

అత్తయ్యగారు వచ్చారు. పాలు పడకపోవడం మా ఇంటావంటా లేదన్నారు. ఆవిడ ముగ్గురు పిల్లలకీ మూడేసి ఏళ్లు ఇచ్చారట. నా సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, చుక్కలమందు సీసా అనుకున్నానన్నారు. నవ్వుతూనే అన్నారు. అమ్మ బొప్పాయికాయ కూర, వెల్లుల్లి కారం, మెంతుల జావ, అన్నీ వండి తెస్తూనే ఉంది. నేను తింటూనే ఉన్నాను.

ఈయన షాపు నుంచి ఫోన్ చేశారు. డబ్బా పాలు పట్టేస్తే ఏం పోతుంది, టెన్షన్ పడకు అన్నారు. ప్రేమగానే అన్నారు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను.

పాప ఏడుపు వినగానే నాకు భయం వేస్తోంది. దగ్గరకు తీసుకోవాలనిపించడం లేదు. ఇది ఎవరికీ చెప్పకూడదు.

ఆగస్టు 13. మధ్యాహ్నం

తల్లుల గదిలో నా పక్క మంచం వీరదుర్గది. ఇరవై రెండేళ్లుంటాయి. ఓడలరేవు వాళ్లు. ఆమె భర్త సముద్రం మీద వేటకు వెళ్తాడు. బాబు ఏడో నెలలోనే పుట్టాడు. వెంటిలేటర్ మీద ఉన్నాడు.

ఆ అమ్మాయికి పంప్ అక్కర్లేదు. గోడవైపు తిరిగి కూర్చుని చేత్తోనే పిండుతుంది. పది నిమిషాల్లో గ్లాసు సగం నిండుతుంది. బాబుకు ట్యూబులో రెండు ఎంఎల్ పోస్తారు. మిగతాది ఫ్రిజ్‌లో పెడతారు.

నాకు అసూయ కలిగింది. బిడ్డ చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూసి.

ఆగస్టు 14

పాప ఇంకో నలభై గ్రాములు తగ్గింది.

ఆగస్టు 15

కింద జెండా ఎగరేసి అందరికీ చాక్లెట్లు పంచారు. వీరదుర్గ తన చాక్లెట్ నాకిచ్చి, మీకు చేత్తో తీయడం ఎవరూ చూపించలేదా అని అడిగింది. లేదన్నాను. లేచి వచ్చి నా మంచం మీద కూర్చుంది. వేడినీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టించింది. నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు వదలాలో చూపించింది. మొన దగ్గర కాదు, వెనక పట్టుకోవాలట. తన చెయ్యి గరుకుగా ఉంది.

"పాలున్నాయక్కా. దారే తెలవట్లేదు వాటికి. మీరు బయపడకండి" అంది.

తొమ్మిది ఎంఎల్ వచ్చాయి. నాకంటే తనే ఎక్కువ సంతోషపడింది. సిస్టర్ వాటిని ఉగ్గిన్నెతో పాపకు పట్టింది.

ఆగస్టు 17

వీరదుర్గ బాబు పొద్దున ఏడింటికి పోయాడు.

పేపర్ల పని తెమలడానికి భర్త కింద నిలబడ్డాడు. వీరదుర్గ మంచం మీద కూర్చునే ఉంది, ఏడవలేదు. కాసేపటికి లేచి మూలనున్న వాష్‌బేసిన్ దగ్గరకు వెళ్లింది. రొమ్ములు రాళ్లలా అయిపోయాయంది. బేసిన్‌లోకి పిండుకోవడం మొదలుపెట్టింది. తెల్లగా ధారలు. నేను చూస్తూ కూర్చున్నాను. అవి నా పాపకు ఎన్ని పూటలకు సరిపోతాయో లెక్కేసుకున్నాను. అడుగుదామని కాళ్లు మంచం దించాను కూడా. ఒకరి పాలు ఇంకొకరి బిడ్డకు టెస్టులు లేకుండా పట్టరని సిస్టర్ ముందే చెప్పింది. అయినా దించాను. తర్వాత అడగలేదు. జాలితో కాదు, సిస్టర్ చూస్తోందని.

పదింటికి వీరదుర్గ తల్లి లోవమ్మ వచ్చింది. తెల్లారకముందే బస్సెక్కిందట. కబురు అందలేదు. చేతిలో స్టీలు డబ్బా. సొరపిట్టు. సొరచేపను ఉడికించి, ముళ్లు తీసి, వెల్లుల్లితో పొడిపొడిగా వేయించే కూర. పాలు పడాలని బాలింతలకు పెడతారు. కూతురు మొహం చూసి లోవమ్మ డబ్బాను మంచం మీద పెట్టింది. ఆ తర్వాత జరిగింది నేను రాయను.

వెళ్లేముందు వీరదుర్గ ఆ డబ్బాను నా ఒళ్లో పెట్టింది.

"నాకెందుకండి ఇంక. మీరు తినండక్కా."

మేము వైశ్యులం. మా ఇంట్లోకి ఏనాడూ కోడిగుడ్డు కూడా రాలేదు. అమ్మ వైపు చూశాను. అమ్మ డబ్బాను చూసింది, వీరదుర్గను చూసింది. చెంచా కడిగి నా చేతికిచ్చి, వరండాలోకి వెళ్లి నిలబడింది.

తిన్నాను. రెండుసార్లు గొంతు దాకా వచ్చింది, మింగేశాను. నేను మొత్తం తినేదాకా వీరదుర్గ నిలబడే ఉంది. ఖాళీ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

ఆగస్టు 19

ఇరవై రెండు ఎంఎల్. చేప వల్ల కాదు, రెండు గంటలకోసారి తీస్తున్నందువల్ల అని సిస్టర్ అంది. డాక్టర్ గారూ అదే అన్నారు. నాకు తెలియదు. అమ్మ మాత్రం ఆ సంగతి మండపేటలో ఎత్తవద్దంది.

ఆగస్టు 23. ఉదయం 11

సిస్టర్ పాప తలను వెనక నుంచి పట్టుకుంది. నేను గడ్డం కింద వేలు పెట్టాను. పాప రొమ్ము పట్టుకుంది. పదకొండు నిమిషాలు. గుటక చప్పుడు వినిపించింది. అమ్మ దేవుడికి దండం పెట్టింది. ఈయన పరుగున వచ్చారు.

నేను పక్క మంచం చూశాను. కడియం నుంచి కొత్తగా ఎవరో వచ్చారు. ఆమె నా వైపే చూస్తోంది. పైట లాక్కున్నాను.

సెప్టెంబర్ 18. మండపేట

పాప రెండు కిలోల ఎనిమిది వందలు. చూడవచ్చిన వాళ్లందరికీ అత్తయ్యగారు, పాలు పడింది తాను చేసిన లేహ్యం వల్లేనని చెబుతున్నారు. సొరపిట్టు సంగతి నేను ఎత్తలేదు.

వీరదుర్గ నంబర్‌కు ఫోన్ చేశాను. లోవమ్మ ఎత్తింది. కూతురు చేపలు ఆరబెట్టడానికి ఒడ్డుకు వెళ్లిందంది. నేను ఎవరో చెప్పాను. 

"పాప తాగుతుందామ్మా?"

"తాగుతోందండి."

"అయితే సాలు."

ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.  గాలి చప్పుడు వింటూ నిలబడ్డాను.

అక్టోబర్ 24

ప్రసవం తర్వాత మొదటిసారి ఒంటరిగా బయటకు వెళ్లాను. బస్టాండులో ఎవరిదో బిడ్డ ఏడ్చింది. నా జాకెట్టు తడిసిపోయింది. పాప ఇంట్లో అమ్మ దగ్గర నిద్రపోతోంది. బస్సు వచ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా నేను ఎక్కలేదు.