మూడర్థాల మాట

మంత్రిగారికి,

తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ వీడెమన్ గారి భార్యను, ఈ ఉత్తరం రాస్తున్నాను. మా వారి ఉద్యోగాన్ని ‘ఔఫ్‌హేబెన్’ చేశామంటూ తమరు పంపిన ఉత్తర్వు నిన్న అందింది.

“రద్దు చేసేశారా అమ్మగారూ!” అని మా వంటమనిషి డోర్తె ఏప్రన్ అంచుతో కళ్ళొత్తుకుంది. మా వారు కాఫీ కప్పు దించకుండానే నవ్వారు.

“పిచ్చిదానా, చలికాలానికని ప్లమ్ జామ్ ఔఫ్‌హేబెన్ చేశానన్నావే, పారబోశావా?”

“అయ్యో, దాచిపెట్టానండీ!”

“మరి? మన జర్మన్‌లో పైకెత్తడానికీ అదే మాట కదా!”

ఏళ్ళ తరబడి ఆయన చెప్పే పాఠమంతా ఈ ఒక్క మాటే. పాతది రద్దవుతుంది, అయినా కొత్తదానిలో దాగి ఉంటుంది, ఒక మెట్టు పైకీ లేస్తుంది. మతమూ తత్వశాస్త్రంలో అలాగే ‘ఔఫ్‌హేబెన్’ అవుతుందని ఆయన అన్నారు. తమరికి రద్దు ఒక్కటే వినిపించింది, అందుకే ఈ ఉత్తర్వు.

ఈ ఉదయం పాఠానికి వెళితే గదికి తాళం ఉంది. విద్యార్థులు ఆయన్ని మెట్లమీదికి ఎక్కించి పాఠం చెప్పించుకున్నారు. మెచ్చుకోలుగా కొట్టడానికి బల్లలు లేవు కనక, తాళం వేసిన ఆ తలుపునే పిడికిళ్ళతో దబదబా కొట్టారు.

తమరి ఉత్తర్వును మేమూ ‘ఔఫ్‌హేబెన్’ చేశాం. ఏ అర్థంలోనో తమరే ఎంచుకోండి.

వీడెమన్ గారి ఇల్లాలు