వంతెన మీద ఐదు చప్పుళ్లు

1954 జనవరి 6, బుధవారం

పొద్దున్నుంచీ మంచు. ఓరిన్ టీగ్ మళ్లీ నా పొయ్యి పక్క కుర్చీలో దిగబడ్డాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నలభై ఏళ్లు ఈ కనుమ మీద ట్రక్కు నడిపాడట. చూపు పోయి రెండేళ్లయింది. మా కాఫీ హోటల్ వెనక గదిలో పడుకుంటాడు, తెల్లారితే వచ్చి నా కాళ్లకూ చేతులకూ అడ్డం పడతాడు.

ఈరోజు కొత్త వేషం వేశాడు. బయట చెక్క వంతెన దడదడలాడింది. కప్పు దించకుండానే, మూడు ఇరుసుల బండి అమ్మాయ్, పశువులది, ఖాళీగా పోతోంది అన్నాడు. కిటికీ తుడిచి చూశాను. పశువుల బండే. ఖాళీదే. వాసనబట్టి చెప్పావా పెద్దాయనా అన్నాను. ఇంత దూరం నుంచి వాసన పట్టడానికి నేనేమన్నా వేటకుక్కనా, వంతెనే చెప్పింది అన్నాడు.

హోటల్లో ఉన్న ఇద్దరు డ్రైవర్లూ నోళ్లు తెరిచారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒకసారి ఎవరికైనా కుదురుతుంది. రేపటి నుంచి ఈ డైరీ చివరి పేజీలో ఆయన చెప్పిన ప్రతి బండికీ ఒక గీత పెడతాను. ఈయన బండారం బయటపెట్టకపోతే నా పేరు నెల్డా కాదు.

జనవరి 7

నాలుగు బండ్లు. నాలుగూ సరిగ్గా చెప్పాడు. చూస్తూ నిలబడితే నా పాన్‌కేకులు మాడిపోయాయి.

జనవరి 10, ఆదివారం

వెండెల్ కొత్త ట్రక్కు తెచ్చాడు. కొత్తదంటే మాకు కొత్తది. పెళ్లినాడు కూడా నా మొగుడి మొహం ఇంత వెలగలేదు. పాతదానికి ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు. దీనికి వెనక రెండు. ఇంజను తిప్పేది వాటిలో మొదటిదాన్నే. చివరిది ఊరికే దొర్లుతూ బరువు మోస్తుంది. డ్రైవర్లు దాన్ని చచ్చిన ఇరుసు అంటారు. వెనక తగిలించే ట్రెయిలరుకు ఇంకో రెండు. వారానికి మూడుసార్లు ఐడహో రాష్ట్రం నుంచి బంగాళాదుంపల బస్తాలు వేసుకుని ఈ కనుమ ఎక్కి అవతలికి దిగాలి.

ఆ దిగడమే నా భయం. మా హోటల్ దాటి ఒక మైలు పోతే మొదలవుతుంది, ఏడు మైళ్ల వాలు. నవంబరు నుంచి ఇద్దరు పోయారక్కడ. ఇద్దరికీ నా చేత్తో కాఫీ పోసి పంపాను. వెండెల్ మంచి డ్రైవరే. కానీ తొందరెక్కువ.

ఓరిన్ బయటికొచ్చి, బండి చుట్టూ తడుముకుంటూ తిరిగాడు. చివరి చక్రాల దగ్గర ఆగి, ఐసు మీద ఇది బరువంతా మింగి కూచుంటుంది, లాగే చక్రాలకి పట్టు దొరకదు, అప్పుడేం చేస్తావబ్బాయ్ అన్నాడు. అందరూ చేసేదే చేస్తా, ఈ చివరి చక్రాల్ని దుంగల మీదికి ఎక్కించి, గొలుసేసి ఫ్రేముకి కట్టేస్తా, బరువు లాగే చక్రాల మీద పడుతుంది, ఇదేమన్నా బ్రహ్మవిద్యా అని వెండెల్ నవ్వాడు. కట్టడం అందరికీ గుర్తుంటుంది, పైకెక్కాక విప్పడమే గుర్తుండదు, కట్టేసిన ఇరుసుతో దిగావంటే బరువంతా ఒక్కదాని మీదే, సగం కొండ దిగేసరికి బ్రేకులు మాడి మసైపోతాయి అన్నాడు ఓరిన్.

ముసలాయన నన్నింకా పాలుతాగే పిల్లాడనుకుంటున్నాడే అని లోపలికొచ్చాక వెండెల్ గొణిగాడు.

జనవరి 14

ఇరవై రెండు గీతలు. ఒక్క తప్పు లేదు. సిగ్గు చంపుకుని, ఎలా చెబుతున్నావు అని అడిగాను. వంతెనకు ఇవతలి చివర ఒక పలక వదులైందట. ప్రతి ఇరుసూ దాని మీద ఒక్కసారి కొట్టి పోతుంది. మీ ఆయన బండి విను అన్నాడు. ఠక్. కాస్త ఆగి ఠకఠక్. చాలాసేపాగి మళ్లీ ఠకఠక్. ఐదు. నిండు బండైతే పలక మూలుగుతుంది, ఖాళీదైతే వాగుతుంది.

కళ్లు మూసుకుని విన్నాను. రేకుల షెడ్డు కూలినంత గోల తప్ప ఏమీ వినపడలేదు. కళ్లు మూసుకుంటే చాలదమ్మాయ్, నోరు కూడా మూసుకోవాలి అన్నాడు.

జనవరి 19

ఈరోజు విన్నది రాయకపోతే నిద్ర పట్టదు.

మంచుకు చిక్కుకుని ఆరుగురు డ్రైవర్లు హోటల్లోనే ఉండిపోయారు. మాటల్లో మాటగా ఓరిన్ 1919 సంగతి ఎత్తాడు. గాలి లేని గట్టి రబ్బరు టైర్ల కాలం. ఈ ఎక్కుడు మీద బండి మనిషి నడకను మించేది కాదట. చలికి కాళ్లు కొయ్యబారకుండా ఉండాలని, ఇంజను వేగం పట్టి ఉంచే చేతి థ్రాటిల్ బిగించి, కిందికి దిగి, కిటికీలోంచి స్టీరింగు మీద చెయ్యి వేసి బండి పక్కనే నడిచేవాడట. నాలుగు మైళ్లు. దారిలో రొట్టె తినేవాడు, దానికి కబుర్లు చెప్పేవాడు. ఎడ్లబండి తోలుకుపోయినట్టు అంత ఇనుమును పక్కన నడిపించుకుంటూ పోయాడు ఈ మనిషి.

తర్వాత రెండు గేరు కడ్డీల బండ్లొచ్చాయట. ఎలా మార్చేవాళ్లో చూపించమంటే నా చీపురు, నా పొయ్యి కదిపే కడ్డీ తెమ్మన్నాడు. కుర్చీ ముందు రెంటినీ నిలబెట్టి పట్టుకోమన్నాడు. ఎడమ చేతిని, అక్కడ లేని స్టీరింగులోంచి దూర్చి ఒకటి పట్టుకున్నాడు, కుడిచేత్తో రెండోది. మోచెయ్యి ఆ కనపడని చక్రాన్ని అదిమి పట్టింది, కాలు కనపడని క్లచ్చిని తొక్కింది. రెండు కడ్డీలూ ఒక్క క్షణంలో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ జారాయి. నిజంగా గేరు పడ్డట్టే నా ఒళ్లు జలదరించింది.

ఇన్నాళ్లూ నా కాళ్లకు అడ్డం పడుతున్నాడని తిట్టుకున్నది ఈ మనిషినా!

జనవరి 23

దొరికిపోయాడు! ఎండుగడ్డి అన్నాడు, ఉన్ని మూటలు వచ్చాయి. ముప్ఫై ఒకటిలో ఒక్క తప్పు. వంతెనకి రెండూ ఒకటేనమ్మాయ్ అని వాదించాడు. నిజమేననిపించి ఆ తప్పు గీత కొట్టేశాను.

జనవరి 27

గుడ్లు వేయిస్తూ, ఎవరితోనూ కాకుండా, ఐదు, నిండు బండి అన్నాను. రెండు నిమిషాలకు తలుపు తీసుకుని వెండెల్ వచ్చాడు. ఓరిన్ కప్పులోకి చూస్తూ ముసిముసిగా నవ్వుకున్నాడు. చూపు లేని మనిషి కప్పులో ఏం చూస్తాడో.

ఫిబ్రవరి 2

పోస్టు వ్యాను ఎక్కి ఓరిన్ పోర్ట్‌లాండ్ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. నాలుగు రోజుల దాకా రాడు. పొయ్యి దగ్గర తిరగడానికి చోటు దొరికింది. ఏమీ బాగాలేదు.

ఫిబ్రవరి 4, గురువారం. మధ్యాహ్నం 3 గంటలు

అక్షరాలు ఎలా పడితే అలా పడనీ.

తెల్లవారుజామున వాన పడి పడినచోటే గడ్డకట్టింది. వెండెల్ తొమ్మిదికి రావాలి. పదకొండున్నర దాటింది. పిండి కలుపుతున్నాను. వంతెన మోగింది.

ఠక్. ఆగి ఠక్. చాలాసేపాగి ఠకఠక్.

నాలుగు. పలక మూలిగింది, నిండు బండి. మాది కాదులే అనుకున్నాను. అంతలో హారన్ వినిపించింది, రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అది నాకోసం కొట్టేది, ఇంకెవరూ కొట్టరు. ఆలస్యమైందని కాఫీకి కూడా ఆగకుండా పోతున్నాడు.

మా ఆయనే. కానీ నాలుగే.

గిన్నె ఎక్కడ పడేశానో తెలియదు. హోటల్ బయటున్న మా చిన్న పికప్ బండి ఎక్కి, పిండి చేతులతోనే స్టీరింగు పట్టుకున్నాను. అతణ్ని అందుకునేసరికే వాలు మొదలైంది. హారన్ కొట్టాను. ఎవరో తొందరగాడు అనుకుని పక్కకు తప్పుకున్నాడు! ఐసు మీద ఎలా దాటానో దేవుడికే తెలియాలి. మొదటి మలుపుకు ముందు పికప్‌ను అడ్డంగా ఆపి దిగిపోయాను. ట్రక్కు జారుతూ, అరుస్తూ, ఇరవై అడుగుల అవతల ఆగింది.

నీకేమన్నా మతిపోయిందా, చంపేద్దును కదే అని తిడుతూ దూకాడు. వెనక చక్రాల వైపు చెయ్యి చూపించాను.

చివరి చక్రాలు నేలకు జానెడు ఎత్తున వేలాడుతున్నాయి. గొలుసు బిగిసే ఉంది.

వెండెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. వంగి, వాటికి ముందున్న లాగే ఇరుసు బ్రేకు డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు. ఇంకా ఆరు మైళ్లకు పైనే ఉంది కిందికి, అప్పుడే సెగలు కక్కుతోంది. ఎక్కేటప్పుడు టైర్లకు గొలుసులు చుట్టినా కదల్లేదట, అందుకని కట్టాడట, పైకొచ్చాక విప్పుదామనుకున్నాడట. అనుకున్నాడట! అక్కడే, రోడ్డు పక్కన మంచులో కూలబడ్డాడు. లోపలున్నదానివి నీకెలా కనిపించింది నెల్డా అన్నాడు. కనిపించలేదు, ఒకటి తక్కువ వినిపించింది అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

డ్రమ్ము చల్లారేదాకా కూర్చున్నాం. దుంగలు పెట్టి, గొలుసు విప్పి, చక్రాలు దించాం. ఎక్కిన చిన్న గేరులోనే దిగు అన్నాను, ఓరిన్ డ్రైవర్లకు ఎప్పుడూ చెప్పే మాటే. సరే అన్నాడు, ఎదురు చెప్పకుండా. ఇంజను చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

కింది నుంచి ఇప్పుడే ఫోన్ చేశాడు. దిగేశాను, డ్రమ్ములు సెగ కక్కలేదు అన్నాడు.

ఫిబ్రవరి 6

ఓరిన్ వచ్చాడు. కళ్లకు ఇక చేసేదేమీ లేదన్నారట. నేను జరిగింది చెప్పాను. శభాష్ అనలేదు. మొదటి చప్పుడుకీ రెండోదానికీ మధ్య ఎంతసేపు అని అడిగాడు. బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాను.

తర్వాత లేచి, తడుముకుంటూ పక్కకు జరిగి, ఇకనుంచి ఈ కుర్చీ నీదమ్మాయ్ అన్నాడు. నోరు మూసుకుని కూర్చో పెద్దాయనా, నాకు పొయ్యి దగ్గర పనుంది అన్నాను. రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ చేతులు ఇంతకుముందెప్పుడూ పట్టుకోలేదు. ఎంత బరువో.

ఫిబ్రవరి 9. ఉదయం 10:40

ఐదు.