కప్పల పెట్టెలో తులసి

జెర్సీ సిటీ,
ఫిబ్రవరి 1984

సరోజక్కకు,

మీరు అట్లాంటా వెళ్తూ నాకు అప్పగించిన తులసి బతికే ఉంది. అయితే ఇప్పుడది మా విద్య కప్పల పెట్టెలో ఉంది. కోప్పడకుండా చదవండి.

చలికి కిటికీ దగ్గర ఆకులన్నీ రాలిపోయాయి. అప్పుడే విద్య తను పెంచే చెట్టుకప్పలకు పెద్ద గాజుపెట్టె సర్దుతోంది. అడుగున గులకరాళ్ళు, పైన మట్టి, ఎక్కడానికి కొమ్మలు, మీద లైటు. ఇంట్లో వెచ్చని చోటు అదొక్కటే. తులసి కుండీని అందులో పెట్టాను. నెల తిరక్కుండా చిగుళ్ళు వేసింది.

ఆ సంతోషంలో శుక్రవారం అలవాటుగా కుండీకి పసుపు రాసి బొట్టు పెట్టాను. సాయంత్రానికి ఒక కప్ప రంగు మారిపోయింది, పురుగులు వేసినా ముట్టలేదు. "అవి స్కిన్‌తోనే వాటర్ తాగుతాయమ్మా. నీ పసుపు కూడా తాగేసింది" అని విద్య ఏడ్చింది. ఇద్దరం కుండీ కడిగి, మట్టంతా మార్చాం. కప్ప తేరుకుంది. ఇప్పుడు బొట్టు గాజుకు బయటే పెడుతున్నాను.

వేసవిలో వచ్చి మొక్క తీసుకెళ్తానన్నారు. ఒక కొమ్మకు వేళ్ళు వచ్చేదాకా నీళ్ళలో ఉంచి ఇస్తాను, మొక్కను మాత్రం అడగకండి. ఆ కప్ప పగలంతా దానిమీదే నిద్రపోతుంది. పూజకు పిలిస్తే హోంవర్క్ ఉందనే పిల్ల, రోజూ స్కూలుకు వెళ్ళేముందు తులసికి నీళ్ళు పోస్తోంది. కప్పల కోసమేనంటుంది. నేను కాదనడం లేదు.

మీ పాత పక్కింటి చెల్లెలు