చంటి రాసిన ఇరవై రెండు పుస్తకాలు

చంటీ, నా తర్వాత నా కాగితాలు చూడాల్సినవాడివి నువ్వు. నీ కాగితాల కోసం నేను వీలునామా రాయాల్సి వచ్చింది.

రొంపిచెర్ల కాపురస్తురాలు, సన్నాయి వాయించే లేటు షేక్ జాన్ సాహెబ్ భార్య షేక్ హజ్రా బీ అను నేను, వయసు అరవై మూడు, చదువు మూడో తరగతి, మతి సక్రమంగా ఉండగా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, నా చేత్తో రాస్తున్నది. ఇల్లు షరియత్ ప్రకారం ఎవరికి రావాల్సింది వాళ్లకు పోతుంది. ఇది నా చేతి సామాను గురించి మాత్రమే.

1. కుట్టు మిషను నా కూతురు యాస్మిన్‌కు. పాతదని మూతి తిప్పుతుంది. నూనె వేస్తే నడుస్తుంది.

2. మా ఆయన కట్టిన మోహన రాగం పల్లవిని మా మేళంలో రెండు సన్నాయిలు, రెండు డోళ్లతో వాయించేవాళ్లు. నా కొడుకు మోయిన్, ఇంట్లో చంటి, దాన్ని వయొలిన్లు, క్లారినెట్లు, ట్రంపెట్లు, పెద్ద డ్రమ్ములు కలిపి ఇరవై రెండు మంది వాయించేట్టు రెండేళ్లు కూర్చుని రాశాడు. మనిషికో పుస్తకం. వాటిని దారంతో కుట్టింది నేను. అన్నీ ఒకచోట రాసుకున్నది వాడి ఫోన్లో ఉండేది. లారీ కింద వాడితో పాటు ఫోనూ పోయింది.

3. వాడు పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వచ్చినవాళ్లు గుర్తుగా ఏదైనా ఇమ్మంటే తలా ఒక పుస్తకం ఇచ్చేశాను. మా మేళంలో అందరూ ఒకటే పాట వాయిస్తారు. అందుకని ప్రతి పుస్తకంలోనూ పాటంతా ఉంటుందనుకున్నాను. నరసరావుపేట బ్యాండులో క్లారినెట్ వాయించే నవీద్ ఒకటి తెరిచి, "ఏంది పెద్దమ్మా, అన్నీ పంచేశావా! దీంట్లో తాళం తొమ్మిది ఆవర్తాలు తిరిగేదాకా ఊరకుండటమే, ఆనక నాలుగు స్వరాలు, మళ్లా ఊరకుండటం. ఇరవై రెండూ కలిస్తేనే పాట" అన్నాడు. తప్పు నాది. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. పందొమ్మిది వచ్చాయి. అవి నవీద్‌కు, మిగతా మూడూ కూర్చి పాటంతా ఒకసారి వాయించేందుకు. ఈ వీలునామా నడిపించేదీ అతనే.

4. పక్కింటి కోటేశ్వరమ్మ వదిన డ్రమ్ముల పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టి రోజూ బొట్టు పెడుతోంది. అది తీసుకోవద్దు. ఫోనుతో ఫొటోలు తీసుకోండి. కుంకుమ అడ్డమొస్తే ఆమెనే తుడవమనండి. నా ఇత్తడి కాగు ఆమెకు.

5. మెహ్జబీన్‌ను చంటికి అనుకున్నాం. ఇప్పుడు మాచర్లలో కాపురం చేసుకుంటోంది. ఆమె దగ్గర ఉన్నది ఒక వయొలిన్ పుస్తకం. పుట్టింటికి వచ్చినప్పుడు యాస్మిన్ ఒక్కతే వెళ్లి అడగాలి. అత్తగారింట్లో వద్దు. నా పచ్చరాళ్ల కమ్మలు ఆమెకు. ఎవరు ఇచ్చారో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

6. మా బావగారు మస్తాన్ సాహెబ్, మా ఆయనకు అన్న, మేళంలో రెండో సన్నాయి ఆయనదే. చంటి రాసుకుంటుంటే వాకిట్లో నిలబడి, "ఒరేయ్, నలుగురి పాటను ఇంతమందికి పంచితే ఎవడి నోట్లోనైనా మిగిలేది ఉమ్మేరా" అన్నారు. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు, మరిచిపోనూ లేదు. తనకిచ్చిన పుస్తకాన్ని ఆయన పెట్టెలో పెట్టి తాళం వేశారు. తెరిచి చూడలేదు, తిరిగి ఇవ్వలేదు. మా ఆయన సన్నాయి కావాలని మాత్రం పదకొండేళ్లుగా అడుగుతున్నారు. ఆయన పుస్తకం తిరిగి ఇచ్చిన రోజే సన్నాయి ఇవ్వాలని ముందు రాశాను. కొట్టేశాను.

ఎందుకంటే నవీద్ పందొమ్మిది పుస్తకాలూ పక్కపక్కన పరిచి చూపించాడు. ఒకచోట అందరికీ పదహారు ఆవర్తాలు ఖాళీ. అన్నిట్లోనూ అక్కడ ఎర్ర సిరాతో ఒకటే మాట, "పెదనాన్న". సన్నాయి పుస్తకం ఇంకెవరి దగ్గరా లేదు. అది ఆయన పెట్టెలో ఉంది.

కాబట్టి సన్నాయి ఆయనకే. షరతు లేదు. అందరూ ఆగేది ఆయన కోసమేనని ఇచ్చేటప్పుడు చెప్పండి. అప్పటికీ పెట్టె తెరవకపోతే ఆ పదహారు ఆవర్తాలూ ఇంకెవరూ నింపొద్దు. అంతసేపూ ఊరుకుని, మళ్లీ ఎత్తుకోండి.

రొంపిచెర్ల, 18 నవంబరు 2024.
చేవ్రాలు: షేక్ హజ్రా బీ
సాక్షులు: చల్లా పుల్లమ్మ, షేక్ జరీనా

వాయించడం అయ్యాక ఎవరూ వట్టి కడుపుతో వెళ్లొద్దు. బాగా తినండి.