చేతిలో పెట్టిన ఉప్పు

చెర్వియా, పైన్ తోపు
జూన్ నెలాఖరు, గురువారం

అమ్మకు,

నీ రెండు చేతులూ కళ్లకద్దుకుని నీ కూతురు జెలిందా రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నాన్న, అర్జియా అత్త కూడా ఒంట్లో బాగానే ఉన్నారు. దేవమాత దయవల్ల నువ్వూ, నీతో వరి కలుపుకు వచ్చిన మన ఊరి ఆడవాళ్లూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. పొలం నీళ్లలో జలగలు ఎక్కువగా ఉన్నాయని రాశావు. మేజోళ్లు ఒకదానిమీద ఒకటి రెండు జతలు వేసుకో. నీ నడుము సంగతి నువ్వు రాయలేదు. రాయకపోవడం వల్లనే అది నొప్పిగా ఉందని తెలిసింది. పక్కవాళ్ల వరస కూడా నువ్వే కలుపు తీసి పెట్టకు.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. నన్ను పనిలో పెట్టుకున్న అమ్మగారు నాకు కడుపునిండా పెడుతున్నారు. భోజనం వాళ్ల బల్ల దగ్గరే, చివరి కుర్చీలో. చేపను చెయ్యి తగలకుండా ముల్లు విడదీసి తినడం నేర్చుకున్నాను. అలా తింటే సగం రుచి పళ్లెంలోనే ఉండిపోతుంది. నేను చదువు చెప్పే పాప ఫియమ్మెత్తాకు పదేళ్లు. లెక్కలంటే ఏడుస్తుంది, పిట్టలంటే చెవి కోసుకుంటుంది. నన్ను వదిలి ఉండదు. గుడ్డి దీపం దగ్గర చదవొద్దన్నావు. ఇక్కడ ప్రతి గదిలో కరెంటు ఉంది. అయ్యగారు బొలోన్యాలోనే ఉండిపోయారు కాబట్టి ఆయన పుస్తకాలన్నీ చదువుకోవచ్చు. మొదట్లో ఆ సంతోషంతో నాకు వేరే ఏదీ గుర్తు రాలేదు.

ఈ ఏడు ఉప్పు పొడిగా, తెల్లగా పండింది. వాన ఒక్కటీ పడలేదు. నాన్న మోకాలు పూర్తిగా తగ్గినట్టు లేదు. వంగి లేచేటప్పుడు ఎడమ చెయ్యి తొడమీద ఆనించుకుంటున్నాడు. కొత్త టోపీ కొనుక్కున్నాడు. నీకు నచ్చదు, అంచు మరీ వెడల్పు.

అన్నిటికన్నా ముందు నువ్వడిగిన ప్రశ్నను చివరికి వదిలాను. ఆదివారాలు ఇంటికి వెళుతున్నానా, నాన్న ఉత్తరాల్లో నా మాటే ఎందుకు రాయడం లేదు అని అడిగావు. అమ్మగారు సెలవివ్వడం లేదని కిందటి ఉత్తరంలో రాశాను. అది నిజం కాదు. నేను అడగలేదు.

వేసవి గడపడానికి అమ్మగారితో మేమిక్కడికి వచ్చిన రోజున బండి ఉప్పుమడుల పక్కనుంచి వెళ్లింది. అమ్మగారు కిటికీలోంచి చూస్తూ, "ఇక్కడి ఉప్పువాళ్లు ఒట్టి దొంగలట కదా. ఆడవాళ్లు లంగాల కింద సర్కారు ఉప్పు మూటలు కట్టుకుపోతారట. సుంకం జవాన్లు తడిమి చూస్తేగాని గేటు దాటనివ్వరట" అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు, సరదాకి అన్నారు. అదే ఊపిరిలో నావైపు తిరిగి, "మీది రావెన్నాయే కదూ?" అన్నారు. నేను చదివిన సిస్టర్ల బడి ఉన్నది రావెన్నాలో కనుక "అవునండి" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నేను క్షణం కూడా ఆలోచించలేదు. మౌనం కూడా అబద్ధమే కాగలదని సిస్టర్లు బళ్లో చెప్పారు. దానిమీద వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాను.

ఆ తర్వాత ఇంటికి వెళ్లడం కుదరలేదు. వెళితే ఎవరో ఒకరు చూస్తారు, పలకరిస్తారు. బజారుకు పంపితే తల మీద గుడ్డ ముందుకు లాక్కుని వెళ్లాను. ఇవన్నీ నేను చేశానా అని రాస్తుంటే అనిపిస్తోంది.

పోయిన శనివారం అమ్మగారు మడులు చూడటానికి బయలుదేరారు. తలనొప్పి అన్నాను. పాప నేను రాకపోతే తనూ రానంది. గట్టు మీద నడుస్తూ పాప పొడుగుకాళ్ల పిట్టల వెంట పరుగెత్తింది, వాటి వెనక మేము నడిచాము. పిట్టలు పోయి మన మడి దగ్గర వాలాయి.

నాన్న చెక్క గొర్రుతో ఉప్పు లాగుతున్నాడు. అత్త బుట్టకెత్తుతోంది. చుట్టుపక్కల మడుల్లో అందరూ ఉన్నారు. ముందు అత్తే నన్ను చూసింది.

"ఓలమ్మో, ఎవరొచ్చారో చూడు..." అని మొదలుపెట్టింది.

"అర్జియా, బుట్ట ఇటు పట్టు" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. ఆయన అప్పటికే నా చేతి తొడుగులు చూశాడు, అమ్మగారి గొడుగు నేను పట్టుకుని ఉండటం చూశాడు, నా మొహం చూశాడు. టోపీ తీసి అమ్మగారికి దణ్ణం పెట్టాడు.

అమ్మగారు నవ్వుతూ అడిగారు. "మీరు బట్టల్లో ఉప్పు దాచుకుపోతారట, నిజమేనా?"

"దాచుకుపోతే మా కూరల్లో కాస్త ఉప్పుండేది గదమ్మా" అంది అత్త. "ఉప్పుమడిలో పుట్టి చప్పిడి కూడు తినేది లోకంలో మేమేను."

అమ్మగారికి ఆ జవాబు నచ్చింది. పాప నాన్న దగ్గరికి వెళ్లి, "నీకు పిల్లలు లేరా?" అంది.

"ఒక ఆడపిల్ల ఉంది చిన్నమ్మగారూ."

"ఉప్పు తియ్యడానికి రాదా?"

"చదువుకుంటోంది. దూరంగా ఉంది."

"ఎంత దూరం?"

నాన్న గొర్రుకు అంటిన బురద బొటనవేలితో తుడిచాడు. "అది చెప్పలేనమ్మా. నేనంత దూరం ఎప్పుడూ పోలేదు."

"కళ్లున్నోళ్లకి కనపడేంత దూరమే" అని అత్త బుట్టతో చెప్పినట్టు చెప్పింది. అమ్మగారు వినలేదు.

అమ్మా, ఇంకా ఉంది. నాన్న రాశిలోంచి తడి ఆరని ఉప్పు దోసిట్లోకి తీశాడు. మన ఇళ్లల్లో ఉప్పు ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వరు. బల్ల మీద పెడితే తీసుకోవాలి, చేతికిస్తే తగవులని. నేను చిన్నప్పుడు తెలియక నీ చేతికివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నావు. అరచేతిలో పెట్టేది మడి చూడవచ్చిన పరాయివాళ్లకు మాత్రమే. నాన్న అమ్మగారి చేతిలో పెట్టాడు, పాప చేతిలో పెట్టాడు. నా ముందుకు వచ్చి ఆగాడు. గొర్రు పట్టుకోవడానికి వెనక్కి తిరిగిపోయి ఉంటే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. ఆయన నా చెయ్యి కోసం ఆగాడు. అమ్మగారికి అనుమానం వస్తుందేమోనని నేను తొడుగు తీసి చెయ్యి చాపాను.

"పుచ్చుకోండి అమ్మాయిగారూ" అని పెట్టాడు.

"చాలా సంతోషమండీ" అన్నాను. సిస్టర్లు నేర్పినంత మర్యాదగా అన్నాను.

తిరిగి వస్తుంటే అమ్మగారు, "ఎంత పద్ధతిగల మనిషో చూశావా" అన్నారు. చూశానని చెప్పాను.

మంగళవారం అత్త కూరకు వండే గుల్లలు అమ్మే నెపంతో వంటింటి గుమ్మానికి వచ్చింది. నేను తలుపు తీస్తే గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"మడిలో అందరూ చూశారే నిన్ను" అంది. "మా అన్న ఒప్పుకోడే. నా కూతురు కాదంటాడు. నా కూతురు రావెన్నాలో పరీక్షలు రాస్తోంది, మీ కళ్లకి పొరలొచ్చాయంటాడు. అబద్ధం ఆడటం చేతకాదు గదా, చెవులు టమాటా పళ్లల్లే ఎర్రబడతాయి. సారాకొట్లో వాళ్లకి అదో ఆట అయిపోయింది. సెకొందో, మీ అమ్మాయి పరీక్ష ఎందాకా వచ్చిందయ్యా అని రోజూ అడగడం, నవ్వడం. నిన్న అటు పోవడం మానేశాడు."

నేను గుల్లల బుట్ట అందుకున్నాను.

"నిన్ను తిడదామనే వచ్చాను. దారంతా మాటలు కూడా పేర్చుకున్నా. నీ మొహం చూస్తే తిట్టబుద్ధి కావట్లేదు. ఈ గుల్లలు ఇసక పోయేదాకా నీళ్లలో ఉంచమని మీ అమ్మగారితో చెప్పు." అంతే, వెళ్లిపోయింది.

నాన్న ఎన్నడూ అబద్ధమాడలేదు. సుంకం జవానుతో కూడా ఆడలేదు. ఇప్పుడు నా అబద్ధం ఎత్తుకుని ఊరంతా మోస్తున్నాడు, దాన్ని నేనే దించాలి.

ఈ పొద్దున కాఫీ బల్ల దగ్గర అమ్మగారితో చెప్పాను. నాది ఈ ఊరేనని, మనకు ఉప్పు చేతిలో పెట్టినాయన మా నాన్నేనని. పెట్టె సర్దుకొమ్మంటారని రాత్రే పుస్తకాలు తిరిగి అరలో పెట్టేశాను.

అమ్మగారు రొట్టెకు వెన్న రాస్తూ, "అయ్యో, ముందే చెప్పొద్దూ? ఇంకో దోసెడు అడిగి తెచ్చుకునేవాళ్లం" అన్నారు. అంతే. పాపను పళ్లు తోముకోమని పంపించారు.

నేను ఎవరికి భయపడ్డానో ఆవిడకు అది ఒక మాట కూడా కాదు. ఆవిడ తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నాన్నను కాదన్నందుకు నాకు ఇంత గొప్ప కారణం ఉందని చెప్పుకోవడానికైనా ఉండేది. అదీ లేదు.

వచ్చే శనివారానికి సెలవు అడిగాను, ఇచ్చారు. సాయంత్రం చాటుగా ఇంటికి వెళ్లను. పట్టపగలు అందరూ ఉప్పు లాగే వేళకు, చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగుతాను. నాన్న ఏమని పిలుస్తాడో తెలియదు. అమ్మాయిగారూ అన్నా వినవలసిందే. నన్ను క్షమించమని నువ్వు ఆయనకు రాయకు. నువ్వు రాస్తే నీ మాట కోసం క్షమించేస్తాడు.

నీకు ఈ ఉత్తరం చదువుకోవడం కష్టమైతే పక్క మంచం ఆవిడచేత చదివించుకో. మెల్లగా కాదు, మీరు పడుకునే కొట్టంలో ఉన్న మన ఊరివాళ్లందరికీ వినపడేట్టు. వాళ్ల మగవాళ్లే సారాకొట్లో నాన్నను అడిగేది. వాళ్లు ఇళ్లకు ఉత్తరాలు రాసేటప్పుడు, సెకొందోకు కళ్లు బాగానే కనపడతాయని, కూతురే తండ్రిని చూడనట్టు నటించిందని రాయమను.

ఇట్లు,
ఉప్పుమడి సెకొందో కూతురు
జెలిందా